టికెట్టు కంటే ముందు క్రియాటినిన్ పరీక్ష

అక్టోబరు నెల దాటిందంటే మన ఓ.పి. దగ్గర ఒక రకం పేషెంట్లు కనిపిస్తారు. వాళ్లకు జ్వరం ఉండదు, దగ్గు ఉండదు. ముఖంలో సంతోషం, చేతిలో కొత్త పాస్‌పోర్టు జిరాక్సు ఉంటాయి. "సిస్టరమ్మా, మా బాబు టికెట్టు తీసీసినాడు. క్రిస్మస్ సెలవులకి రమ్మంతన్నాడు. సంక్రాంతీ అక్కడే. ఓపాలి బీపీ చూసి, ఆర్నెల్లకి సరిపడా మాత్రలు రాయించండి" అంటారు.

నేను ఈ వృత్తిలోకి వచ్చిన రోజుల్లో ఇలాంటి వాళ్లు లేరనే చెప్పాలి. మన ఉద్దానం కుర్రాళ్లు గల్ఫ్ దేశాలకు వెల్డింగు, ఫిట్టింగు పనులకు వెళ్లేవారు, ఇప్పటికీ వెళ్తున్నారు. క్యాంపులో నలుగురైదుగురితో ఒకే గదిలో ఉండే బిడ్డ తల్లిదండ్రులను ఎక్కడికి పిలుస్తాడు? సెలవు దొరికితే వాడే ఇంటికి వస్తాడు. ఇప్పుడు వాళ్లతోపాటు నర్సింగు చదివి ఇంగ్లండు, ఐర్లండు వెళ్లినవాళ్లూ, కంప్యూటరు ఉద్యోగాలకు అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఇల్లు, కారు, డిసెంబరులో నాలుగు రోజుల సెలవు ఉంటాయి. అమ్మకీ నాన్నకీ తాము బతుకుతున్న చోటు చూపించాలని ఆశ ఉంటుంది. ఆ ఆశను నేను తప్పు పట్టను. నేనూ అలా వెళ్లివచ్చిన తల్లినే.

బీపీ చూశాక నేను ఒక ప్రశ్న అడుగుతాను. "క్రియాటినిన్ ఎప్పుడు చూపించుకున్నారు?" అంతే, ముఖంలో వెలుగు కొంచెం తగ్గుతుంది. "టికెట్టు అయిపోయింది కదమ్మా, ఇప్పుడెందుకు?" అంటారు. ఎందుకో చెప్పడానికి నాకు బాగా గుర్తున్న ఒక తల్లి సంగతి రాస్తాను.

కొన్నేళ్ల క్రితం ఆమె అమెరికాలో కొడుకు దగ్గర ఐదు నెలలు ఉండి వచ్చింది. వెళ్లేముందు ఆమె క్రియాటినిన్ 1.3. కొంచెమే ఎక్కువ కదా అని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, కొడుక్కి చెప్పనూ లేదు. అక్కడ ఇంటి నిండా మెట్లు. కోడలి పురుడు, పసిబిడ్డ. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. ఒకరోజు భోజనాల దగ్గర కొడుకు స్నేహితుడితో మాట్లాడుతూ, ఇక్కడ ఆసుపత్రికి వెళ్తే బిల్లు ఎంత వేస్తారో చెప్పాడట. అతను ఇంకెవరి గురించో చెప్పాడు. ఆమె తన గురించే అనుకుంది. ఆ రోజు నుంచి నొప్పి అనే మాట నోట రానివ్వలేదు. అక్కడ సూపర్ మార్కెట్టులో పెద్ద డబ్బాల్లో అమ్మే ఐబుప్రొఫెన్ మాత్రలు ఇంట్లో ఉన్నాయి. కోడలు ఒకసారి తలనొప్పికి ఇచ్చింది. అవి మోకాళ్లకు కూడా పనిచేస్తాయని ఆమె కనిపెట్టింది. రోజుకు రెండు మూడు చొప్పున వేసుకుంటూ బిడ్డకు నూనె రాసి స్నానాలు చేయించింది, ఇంటెడు చాకిరీ చేసింది, క్రిస్మస్ రోజున ఇరవై మందికి వండింది. తిరిగి వచ్చాక నీరసంగా ఉందని మన దగ్గరకు వస్తే క్రియాటినిన్ 2.1 ఉంది. మాత్రలు ఆపించాక కొన్ని వారాలకు 1.7కి దిగింది. 1.3కి మాత్రం మళ్లీ రాలేదు.

కొడుకు ఫోనులో చాలా బాధపడ్డాడు. ఒక్క మాట చెప్పి ఉంటే డబ్బు పోయినా చూపించేవాణ్ణి కదా అన్నాడు. ఆ తల్లి నాతో, "ఆడికి ఏడాదికోపాలి దొరికే సెలవులు. పాడుసెయ్యడం ఎందుకనుకున్నాను" అంది.

ఇలాంటి మాత్రలు ఏ ఊరి మనిషికైనా హాని చేయవచ్చు. కానీ కంచిలి, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల మనుషులకు ఆ ప్రమాదం ఎక్కువ. 1990ల నుంచి మన ప్రాంతంలో డాక్టర్లు గమనిస్తున్న కిడ్నీ జబ్బు షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా వస్తోంది. దేశ విదేశాల నుంచి ఎందరో వచ్చి నీళ్లు, మట్టి, రక్తం పరీక్షించారు. ఇదీ కారణమని ఇంకా తేల్చి చెప్పలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీలకు కూడా ఇలాంటి జబ్బే వస్తోంది. ఎండలో ఒళ్లు వంచి పని చేసి, నీళ్లు తక్కువ తాగే మనుషులే అక్కడా ఎక్కువగా దాని బారిన పడుతున్నారు.

ఈ జబ్బు దొంగలా వస్తుంది. మొదట్లో కాళ్లు వాయవు. మూత్రంలో ఆల్బుమిన్ పెద్దగా పోదు. బీపీ మామూలుగానే ఉండవచ్చు. అందుకే "యూరిన్ టెస్టు చేయించుకున్నాను, బాగుంది" అంటే నేను ఒప్పుకోను. రక్తంలో క్రియాటినిన్ చూడాలి, దాన్నిబట్టి మూత్రపిండాలు ఎంతవరకు వడకడుతున్నాయో లెక్క కట్టించుకోవాలి. 65 ఏళ్ల స్త్రీకి క్రియాటినిన్ 1.4 అంటే చూడటానికి చిన్న అంకె. లెక్క కడితే వడకట్టే శక్తి 40 దగ్గర ఉంటుంది. ఆరోగ్యవంతులకు అది 90కి పైన ఉండాలి, వయసు మీద పడితే కొంత తగ్గుతుంది. "1.4 అంటే ఒకటిన్నర కూడా కాదు కదా" అని నవ్వేసి వెళ్లినవాళ్లను నేను చూశాను.

కాబట్టి మొదటి పని, టికెట్టు తీయకముందే పరీక్ష. రెండో పని, ఆ కాగితాన్ని పిల్లలకు పంపడం. రెండోదే కష్టం. మనవాళ్లు పరీక్ష చేయించుకుంటారు కానీ, అంకె బాగా లేకపోతే కాగితాన్ని ట్రంకు పెట్టెలో బట్టల కింద పెట్టేస్తారు. అటు పిల్లలు కూడా దాస్తారు. మందుల ఖర్చు, ఇన్సూరెన్సు సంగతి అమ్మానాన్నల దగ్గర మాట్లాడితే భయపడతారని ఎత్తరు. ఇద్దరూ ఒకరి సంతోషం ఒకరు కాపాడుతున్నామనుకుంటారు.

ఖర్చు సంగతి పిల్లలకు తెలిసినా పెద్దలకు కూడా తెలియాలి కనుక రాస్తున్నాను. ఇంగ్లండులో చుట్టంచూపుగా వెళ్లినవారికి అత్యవసర విభాగంలో చేసే వైద్యం ఉచితం. జి.పి. అనే కుటుంబ డాక్టరును చూడటమూ ఉచితమే. కానీ ఆసుపత్రిలో చేర్చుకుంటే ప్రభుత్వ ఆసుపత్రి అయినా అసలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. అమెరికాలో 1986 చట్టం ప్రకారం ప్రాణం మీదికి వచ్చినవారిని డబ్బు లేదని ఎమర్జెన్సీ నుంచి తిప్పి పంపకూడదు, కానీ బిల్లు తర్వాత ఇంటికి వస్తుంది. ఆస్ట్రేలియాలో వాళ్ల ప్రభుత్వ మెడికేర్ మన దేశం నుంచి చూడటానికి వెళ్లినవారికి వర్తించదు. కతార్‌లో 2023 నుంచి సందర్శకులకు ఇన్సూరెన్సు తప్పనిసరి చేశారు. ఇన్సూరెన్సు ఉంది కదా అని ధీమా పడకండి. ముందు నుంచీ ఉన్న జబ్బులను చాలా పాలసీలు వదిలేస్తాయి, లేదా అకస్మాత్తుగా ముదిరినప్పుడు మాత్రమే కొంత ఇస్తాయి. కిడ్నీ జబ్బు ఉందని తెలిసి కూడా ఫారంలో రాయకపోతే, రేపు ఇంకేదో జబ్బుకు అడిగినా ఇవ్వనని అనవచ్చు. వారం వారం డయాలిసిస్ చేయించుకునేవారి సంగతి వేరు. అక్కడ ఏ కేంద్రంలో, ఏ రోజుల్లో చేస్తారో చాలా ముందుగా మాట్లాడుకుని, హెపటైటిస్, హెచ్.ఐ.వి. రిపోర్టులు పంపి, ఖర్చు ఒప్పుకుని, మన కిడ్నీ డాక్టరు సరేనంటే తప్ప బయలుదేరకూడదు.

ఇక వెంట తీసుకెళ్లే కాగితం. అక్కడి డాక్టరుకు ఉద్దానం అంటే తెలియకపోవచ్చు. "కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం నుంచి వచ్చారు" అని, చివరి మూడు క్రియాటినిన్ అంకెలు తేదీలతో సహా రాయించుకోండి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి కనుక ఈ కాగితం కోసం విశాఖపట్నం దాకా పోనక్కర లేదు. మందులకు కంపెనీ పేరు కాకుండా అసలు పేరు, మిల్లీగ్రాములు రాయించండి. మన పారాసెటమాల్‌ను అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. అది తెలియక రెండు పేర్లతో ఒకే మందు రెండింతలు మింగినవాళ్లు ఉన్నారు. అంకెలు కూడా మారతాయి. ఇంగ్లండు, ఆస్ట్రేలియాల్లో క్రియాటినిన్‌ను వేరే కొలతలో చెబుతారు. మన 2.4 అక్కడ 212 అవుతుంది, అంటే 88.4తో హెచ్చించాలి. షుగరు మన 180 అక్కడ 10. కొలత తెలియక 212 చూసి గుండె ఆగినంత పని అయిన పిల్లలూ, షుగరు 10కి దిగిందని పంచదార పెట్టబోయిన పిల్లలూ ఉన్నారు. గల్ఫ్ వెళ్లేవారు ట్రమడాల్, కోడీన్ కలిసిన నొప్పి మాత్రలు, దగ్గు మందులు పెట్టెలో పెట్టుకోకండి. ఎమిరేట్స్ లాంటి చోట్ల వాటికి ముందే అనుమతి ఉండాలి, లేకపోతే కేసు అవుతుంది.

మందులు ఎక్కడ పెట్టుకోవాలో అందరికీ చెప్పేదాన్ని నేను. ఇప్పుడు నా సంగతి వినండి. మా అమ్మాయి ఇంగ్లండులో ఒక చిన్న పట్టణంలో నర్సు. ఒక డిసెంబరులో నన్ను రమ్మంది. జీడిపప్పు, కారప్పొడి, మనవరాలికి గౌన్లు సర్దే హడావుడిలో బీపీ మాత్రల డబ్బా పెద్ద సూట్‌కేసులోకి వెళ్లిపోయింది. విమానం మారే చోట ఆ సూట్‌కేసు ఆగిపోయింది. నేను 23వ తేదీన దిగితే, పండగ అయ్యాక పంపుతామన్నారు. మన ఊళ్లో అయితే మందుల షాపుకి వెళ్లి పేరు చెబితే ఇచ్చేస్తారు. అక్కడ చీటీ లేనిదే ఇవ్వరు. నా చీటీ కూడా ఆ సూట్‌కేసులోనే ఉంది! అమ్మాయి 111 నంబరుకు ఫోను చేసి, వాళ్లు అడిగిన ప్రశ్నలన్నిటికీ నా చేత జవాబులు చెప్పించి, నాలుగు రోజుల మాత్రలు తెచ్చేసరికి 24వ తేదీ సాయంత్రం అయింది. "ముప్పై ఏళ్ల సర్వీసు అమ్మా నీది" అని ఒక్క మాట అంది. అంతకంటే ఏమీ అనలేదు, అదే నయం.

మర్నాడు క్రిస్మస్. ఆమెకు పగలు పన్నెండు గంటల డ్యూటీ, అల్లుడికీ డ్యూటీయే. మనవరాలు, నేను ఉన్నాం. ఆ రోజు అక్కడ రైళ్లు నడవవు, బస్సులూ దాదాపు ఉండవు. పెద్ద దుకాణాలు తెరవకూడదని 2004లో చట్టమే చేశారు. వీధిలో మనిషి లేడు. ఎన్ని క్రిస్మస్‌లకు నేను వార్డులో ఉండి, ఈ పిల్లను మా అమ్మ దగ్గర వదిలానో ఆ కిటికీ దగ్గర కూర్చుని లెక్కపెట్టుకున్నాను. చదువుకున్నదాన్ని, ఇంగ్లీషు వచ్చినదాన్ని, నాకే ఆ ఇంట్లో పగలు కొండలా అనిపించింది. తోటలో పదిమందితో మాట్లాడుతూ జీడిపిక్కలు ఏరుకునే తల్లికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

అందుకే తల్లిదండ్రులను పిలిపించుకునే పిల్లలకు నా మనవి. మీ సెలవులన్నీ పండగ రోజుల షికార్లకే దాచకండి, వాళ్లు వచ్చిన మొదటి వారంలో రెండు రోజులు ఇంట్లో ఉండండి. తలుపు తాళం, స్టవ్వు, స్నానాల గదిలో వేడినీళ్ల కుళాయి, ఫోను చూపించండి. ఇంటి చిరునామా, అత్యవసర నంబరు పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. అమెరికాలో 911, ఇంగ్లండులో 999, ఆస్ట్రేలియాలో మూడు సున్నాలు. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే తెలుగులో చెప్పే మనిషిని అడగండి, చాలా చోట్ల ఫోనులోనైనా ఏర్పాటు చేస్తారు. అమ్మకు తన నొప్పి కొడుకు ఎదుట చెప్పడానికి సిగ్గు ఉండవచ్చు.

ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ డబ్బాలు తీసి పైన పెట్టండి. అమెరికాలో అడ్విల్, మోట్రిన్, అలీవ్ అనే పేర్లతో అమ్మేవి ఇవే. మన ఊళ్లో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ జాతివే, వచ్చేటప్పుడు అమ్మ సంచిలో ఉంటాయి, చూడండి. నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వాడుకోవచ్చు. జలుబుకు అమ్మే కలిపిన మందుల్లో పారాసెటమాల్‌తోపాటు బీపీ పెంచేవి కూడా ఉంటాయి కనుక డబ్బా వెనక చదవకుండా ఇవ్వవద్దు.

వంటింట్లో ఇంకో ప్రమాదం ఉంది. ఆరోగ్యానికి మంచిదని సోడియం తక్కువ ఉన్న ఉప్పు తెచ్చి వాడుతుంటారు. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో పొటాషియం పేరుకుని గుండె లయ తప్పవచ్చు. అటువంటివారికి ఫ్రిజ్ నిండా ఉండే నారింజ రసం, అరటిపళ్లు, మనం అమృతం అనుకునే కొబ్బరినీళ్లు కూడా డాక్టరును అడిగే ఇవ్వాలి. ఎండుచేపలు, పచ్చళ్లు లేనిదే ముద్ద దిగదంటారు, వాటిలో ఉప్పు ఎంతో మీకు తెలుసు. ఆస్ట్రేలియా వెళ్లేవారు తినే వస్తువు ఏది తీసుకెళ్లినా కార్డులో రాసి చూపించాలి, దాస్తే జరిమానా వేస్తారు.

నీళ్ల సంగతి ఎవరూ అనుకోరు. కారులో ఐదారు గంటలు షికారుకు తీసుకెళ్తారు. దారిలో బండి ఆపమని అడగడానికి మొహమాటపడి అమ్మ పొద్దున్నుంచీ నీళ్లు తాగదు. చలికాలంలో దాహం తెలియదు, హీటరు గాలికి ఒళ్లు ఎండిపోతుంది. ఆస్ట్రేలియాలో అయితే డిసెంబరు మండు వేసవి, మెల్‌బోర్న్‌లో 40 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. రెండు గంటలకొకసారి మీరే బండి ఆపండి, ఆమె అడిగేదాకా చూడకండి. విమానంలో కూడా ఇంతే. నీళ్లు తాగుతూ, గంటకోసారి లేచి నడవాలి, కూర్చున్నచోట మడమలు ఆడించాలి. ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి, కింద సామాన్ల గదిలో గడ్డకట్టవచ్చు. ఫ్లూ టీకా ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోండి.

మొదట చెప్పిన తల్లి సంగతి జరిగిన తర్వాత మరో కుటుంబం వచ్చింది. కవిటి వైపు రైతు, అరవై దాటిన మనిషి. కూతురు ఆస్ట్రేలియాలో ఉంది. మూడు నెలలకు రమ్మంది. క్రియాటినిన్ చూస్తే 2.4. ఆయన నా టేబులు దగ్గర నిలబడి, "అమ్మాయికి సెప్పకండి సిస్టరమ్మా. సెప్తే రావద్దంతాది. కూతురింటికి ఒక్కపాలైనా ఎల్లాలని మా ఆడమనిసికి ఆశ" అన్నాడు. మీ మాట లేకుండా నేను చెప్పను, కానీ చెప్పకుండా మీరు వెళ్లడం నాకు ఇష్టం లేదు అన్నాను. రెండు రోజులు రాలేదు. మూడో రోజు భార్యతో వచ్చి, మీరే చెప్పండని ఫోను నా చేతిలో పెట్టాడు. నేను చెప్పాను. అవతల చాలా సేపు మాట లేదు. తర్వాత ఆ అమ్మాయి, "నాన్నా, ఎన్నాళ్లయింది తెలిసి?" అంది. ఆయన జవాబు చెప్పలేదు. "సరే, ఆ కాగితం ఫోటో తీసి పంపు" అంది.

కిడ్నీ డాక్టరు చూసి, మందులు మార్చి, ఉత్తరం రాసి ఇచ్చారు. మూడు నెలలు ఐదు వారాలయింది. మధ్యలో ఒకసారి అక్కడే రక్తపరీక్షకు కూతురు ముందే డబ్బు కట్టి రోజు తీసుకుంది. ఎండ ఎక్కువున్న రోజుల్లో బయటికి పంపలేదు.

ఫిబ్రవరిలో ఆయన పరీక్షకు వచ్చాడు. 2.4 ఉండేది, 2.3 ఉంది. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి చూపించాడు. కూతురు ఫ్రిజ్ మీద అంటించినదట, వచ్చేటప్పుడు ఊడదీసి తెచ్చుకున్నాడు. ఏవి తినవచ్చు, ఏవి తినకూడదు, నీళ్లు ఎన్ని గ్లాసులు, అన్నీ తెలుగులో రాసి ఉంది. పిల్ల చిన్నప్పుడు కవిటి బడిలో నేర్చుకున్న రాతే అని ఆయన రెండుసార్లు చెప్పాడు. అక్కడ ఎలా చూసుకున్నారు అని అడిగాను.

"శానా బాగా సూసుకున్నారు సిస్టరమ్మా. కోడికూర ఒండినారు, సముద్రం సూపించినారు. అరటిపండే ఒక్కటీ ముట్టుకోనియ్యలేదు" అన్నాడు.